లావు అక్షరం, క్రింది గీత

రేడియోలో వార్తలు చదివేవారి చేతిలోని కాగితాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూసినట్లయితే, టైపు అక్షరాల క్రింద అక్కడక్కడ పెన్సిలు గీతలు కనిపిస్తాయి. ఏ మాటను ఒత్తి పలకవలెనో, ఏ అంకె వద్ద ఒక్క క్షణం ఆగవలెనో ఆ గీతలే చెపుతాయి. "రేపటి నుండి ఆ దారిలో బస్సులు నడవవు" అనే వాక్యంలో "రేపటి నుండి" అన్న మాటల క్రింద గీత ఉన్నప్పుడు వినేవారికి ఒక అర్థం తోస్తుంది. "ఆ దారిలో" అన్నచోట గీత ఉంటే మరొకటి. ఒకసారి ఇటువంటి కాగితమే శుభ్రమైన ప్రతిగా తిరిగి టైపు అయి నా చేతికి వచ్చినది. అక్షరం ఒక్కటీ పోలేదు. గీతలు మాత్రం లేవు. మైక్రోఫోను ముందు కూర్చుని రెండు వాక్యాలను ఒత్తవలసినచోట ఒత్తక, ఒత్తరానిచోట ఒత్తి చదివినాను.

మాట ఒకటి, ఆ మాట మీద ఊనిక ఎంతో చెప్పే గుర్తు ఒకటి. వ్రాతలో ఈ రెండూ కలిసి ప్రయాణం చేస్తాయి. అయితే దారిలో మొదట జారిపోయేది గుర్తే. కంప్యూటరు తెర మీద ఈ గుర్తు అరువది ఏండ్లుగా పడుతున్న పాట్లను గురించి ఈనాడు కొంచెం ముచ్చటించుకుందాం.

కంప్యూటరుతో పనిచేసేవారిలో కొందరు నల్లని తెర ఒకటి తెరిచి, బొమ్మలు లేకుండా, వట్టి అక్షరాలతోనే ఆజ్ఞలు ఇస్తూ ఉండడం శ్రోతలు చూసే ఉంటారు. ఆ నల్లని తెరకు టెర్మినల్ ఎమ్యులేటర్ అని పేరు. టెర్మినల్ అంటే ఒకప్పుడు పెద్ద కంప్యూటరుకు తీగతో కలిపిన ఒక మీటల బల్ల, ఒక తెర. అటువంటి యంత్రాలు ఇప్పుడు ప్రదర్శనశాలల్లోనే ఎక్కువ. వాటి నడకను అనుకరించే ప్రోగ్రామునే ఎమ్యులేటర్ అంటున్నారు. వేషం వేసిన నటుడివంటిది అది. దాని అమరికల పట్టిక తెరిస్తే విచిత్రమైన ప్రశ్నలు ఎదురవుతాయి. లావు అక్షరాన్ని అచ్చు మార్చి చూపవలెనా, రంగు మార్చి చూపవలెనా? క్రింది గీతకు బదులు వేరే రంగు వేయవలెనా? మిణుకుమనే అక్షరాన్ని మిణుకనివ్వవలెనా, వద్దా? లావు అక్షరం లావుగా కనబడడానికి ఇన్ని ప్రశ్నలు ఎందుకు? ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక్కొక్క పాత యంత్రం నిలిచి ఉన్నది కనుక.

కథ కాగితంతో మొదలవుతుంది. వార్తా సంస్థల వార్తలు టెలిప్రింటరు మీద టకటకమంటూ వచ్చిన రోజులను గురించి మా పెద్దలు చెప్పగా విన్నాను. ఆ జాతి యంత్రమే టెలిటైప్ సంస్థవారి మోడల్ 33. అది 1963లో వచ్చినది. సెకనుకు పది అక్షరాలు కొట్టేది. అన్నీ పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలే. దానిలో లావు అక్షరమని వేరే అచ్చు లేదు. అసలు మామూలు టైపు యంత్రాలలోనూ ఉండేది కాదు. ఒక మాటను ఎత్తి చూపవలెనంటే టైపిస్టులు ఏమి చేసేవారో మనకు తెలుసు. బండిని ఒక అడుగు వెనుకకు జరిపి, అదే అక్షరాన్ని దాని మీదనే మరల కొట్టేవారు. సిరా రెండింతలయి అక్షరం నలుపెక్కేది. క్రింది గీత కావలెనంటే వెనుకకు వెళ్ళి గీత మీట కొట్టేవారు. ఆ సంవత్సరమే అమెరికావారు ఆస్కీ అనే అక్షర సంకేతమాలను ఏర్పరచినారు. 1967లో దానిని సవరించినారు. వెనుకకు జరగమనే బ్యాక్‌స్పేస్‌కు కూడ అందులో ఒక సంకేతం ఉన్నది. నేడు మనం తప్పు దిద్దుకోవడానికి వాడుకునే ఆ మీట పుట్టుకలో తుడపడానికి ఉద్దేశించినది కాదు. అక్షరం మీద అక్షరం వేయడానికి ఉపకరించేది.

బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థను నిర్మిస్తూ 1971 నవంబరు 3వ తేదీన దానికి మొదటి కరదీపిక వెలువరించినారు. దాని పీఠికలో ఒక నియమం చెప్పినారు: క్రింద గీత ఉన్న మాటలను ఉన్నవి ఉన్నట్లుగా టైపు చేయవలెను. గీత లేనివి పాఠకుడు తన అవసరాన్నిబట్టి మార్చి వేసుకోవలసినవి. ఇది అలంకారం కోసం పెట్టిన గీత కాదని శ్రోతలు గమనించవలెను. ఒక ఫైలును చెరిపివేసే ఆజ్ఞను వివరించే పుటలో "ఫైలు" అని ఒక మాట ఉంటుంది. అది నీవు వ్రాయవలసిన మాటయా, లేక నీ ఫైలు పేరు పెట్టుకోవలసిన ఖాళీయా? ఈ తేడా చెప్పేది ఆ గీత ఒక్కటే. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పు వచ్చేసరికి ఉన్నది ఉన్నట్లుగా టైపు చేయవలసిన వాటిని లావు అక్షరాలలో వేయడం మొదలుపెట్టినారు. అప్పటినుండి ఆచారం అదే. నేడు తెర మీద క్రింది గీత ఉన్న మాట మార్చి వేసుకోవలసిన మాట. అంటే 1971లో ఏ గుర్తు "తాకవద్దు" అన్నదో అదే గుర్తు ఇప్పుడు "మార్చుకో" అంటున్నది! అటువంటప్పుడు లావు అక్షరానికీ గీతకూ తేడా చూపని తెర ముందు కూర్చున్న కొత్త విద్యార్థి గతి ఏమి? పుట అంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. "ఫైలు" అనే మాటనే యథాతథంగా టైపు చేస్తాడు. అటువంటి ఫైలు లేదని యంత్రం జవాబిస్తుంది. తప్పు తనదే అనుకుంటాడు పాపం.

కరదీపికను కాగితానికి సిద్ధం చేసే ఎన్‌రాఫ్ అనే ప్రోగ్రాము టైపిస్టు పద్ధతినే పాటించినది. లావు కావలెనంటే అక్షరం, బ్యాక్‌స్పేస్, మరల అదే అక్షరం. గీత కావలెనంటే ముందు గీత, తరువాత బ్యాక్‌స్పేస్, ఆపైన అక్షరం. టెలిటైప్ కాగితం మీద ఇది చక్కగా పడేది. చిక్కు గాజు తెర వచ్చిన తరువాత వచ్చినది. తెర మీద ఒక గడిలో ఒక అక్షరమే నిలుస్తుంది. రెండవది వస్తే మొదటిది చెరిగిపోతుంది. కాగితం రెండు సిరాలనూ భరిస్తుంది, గాజు భరించదు. ఎన్‌రాఫ్ గీతను ముందు, అక్షరాన్ని వెనుక పంపడం ఇక్కడ మేలైనది. వరుస తారుమారై ఉంటే అక్షరాలు పోయి గీతలే మిగిలేవి. ఏమైనా ఊనిక మాత్రం తెరకు ఎక్కలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారు 1975లో తెచ్చిన వీటీ52 అనే తెర యంత్రం చాల ప్రసిద్ధి పొందినది గాని, దానికి లావు అక్షరమూ లేదు, క్రింది గీతా లేదు.

కాలిఫోర్నియాలో బర్క్లీ విశ్వవిద్యాలయం వారి యూనిక్స్‌లో ఈ చిక్కుకు విరుగుడుగా కొన్ని చిన్న ప్రోగ్రాములు ఉండేవి. ఒకటి బ్యాక్‌స్పేసులను ఏరి పారవేసి వట్టి పాఠం మిగిల్చేది. ఇంకొకటి ఎదుటి యంత్రానికి గీత గీసే శక్తి ఉన్నదా అని విచారించి, ఉంటే ఆ భాషలో చెప్పేది. కాల్‌సీఆర్‌టీ అనే మూడవదాని పద్ధతి నాకు ముచ్చటగా తోస్తుంది. అది గీత రావలసిన మాటకు క్రింద కొత్త వరుస ఒకటి వేసి, అందులో చిన్న అడ్డగీతలు పేర్చేది. బళ్ళో పిల్లవాడు పలక మీద మాట వ్రాసి క్రింద గీత గీసినట్లే. తెర మీద వరుసలు ఎక్కువ పట్టేవి గాని అర్థం దక్కేది.

ఇక 1978. ఆ సంవత్సరం డిజిటల్ సంస్థవారే వీటీ100 అనే యంత్రాన్ని విడుదల చేసినారు. అంతకు రెండేండ్ల ముందు, 1976లో, ఐరోపా కంప్యూటరు తయారీదారుల సంఘం ఎక్మా-48 అనే ప్రమాణం ప్రకటించినది. 1979లో అమెరికా ప్రమాణ సంస్థ కూడ అటువంటిదే ప్రకటించినది. ఈ ప్రమాణాలు చెప్పిన పద్ధతిలో అక్షరం మీద అక్షరం కొట్టే పని లేదు. పాఠం మధ్యలోనే ఒక రహస్య వాక్యం పంపుతారు. ఎస్కేప్ అనే సంకేతం, చదరపు బ్రాకెట్టు, ఒక అంకె, చివర ఎమ్ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం. అంకె 1 అయితే లావు, 4 అయితే క్రింది గీత, 5 అయితే మిణుకు, 7 అయితే వెలుగు చీకట్లు తారుమారు. సున్న పంపితే అన్నీ పోయి మామూలు స్థితి. ఈ వాక్యాన్ని యంత్రం గ్రహించి దాచుకుంటుంది, తెర మీద చూపదు. ఇన్నేండ్లు గడిచినా నేటి ఎమ్యులేటర్లు అన్నీ ఈ భాషనే మాట్లాడుతున్నవి.

ప్రమాణం ఉన్నది కదా, ఇక చిక్కు తీరినదని అనుకోరాదు. వీటీ100లో ఈ గుణాలు నాలుగూ కావలెనంటే అదనంగా ఒక పలకను, అడ్వాన్స్‌డ్ వీడియో ఆప్షన్ అనేదాన్ని, కొని లోపల అమర్చుకోవలసి ఉండేది. కొననివారికి ఒక్కటే గుణం దక్కేది. అది క్రింది గీతయా, తారుమారు వెలుగా అన్నది కర్సరు ఆకారాన్నిబట్టి నిర్ణయమయ్యేది! కర్సరును గీతగా పెట్టుకుంటే గీత, దిమ్మెగా పెట్టుకుంటే తారుమారు. ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక మాటను ఎత్తి చూపమని అడిగినాడు. ఒక గదిలో తెల్లని పట్టీ వచ్చినది. పక్క గదిలో గీత వచ్చినది. మూడవ గదిలో, డబ్బు పెట్టినవారి వద్ద, అక్షరం కాంతి హెచ్చినది. ఒకే పాఠం, ఒకే సంస్థవారి యంత్రం, మూడు ఫలితాలు. ఆ యంత్రంలో మరొక విశేషం కలదు. పాత తెరలకు అమరికల మీటలు ఉండేవి. వాటిని పైకీ క్రిందికీ తిప్పి అమర్చేవారు. వీటీ100లో సెటప్ అనే మీట నొక్కితే అమరికల పట్టిక తెర మీదనే ప్రత్యక్షమయ్యేది. మార్చినవి యంత్రం ఆపినా గుర్తుండేవి. ఈనాడు ఎమ్యులేటర్‌లో మనం తెరిచే అమరికల పట్టికకు తాత ముత్తాతలను వెదికితే అక్కడికే చేరుతాము.

మూడవ గదిలో అక్షరం లావెక్కలేదు, కాంతి హెచ్చినదని అన్నాను. ప్రమాణంలోనే ఆ సందిగ్ధం ఉన్నది. ఒకటవ అంకెకు అర్థం చెపుతూ, లావు "లేక" హెచ్చిన కాంతి అని వ్రాసినారు. ఆ "లేక" అనే ఒక్క మాట తరువాత నలువది ఏండ్ల అమరికలకు మూలమైనది. ఆనాటి గాజు తెర మీద అక్షరాన్ని దళసరి చేయడం కంటె కిరణాన్ని ప్రకాశవంతం చేయడం సులువు. నల్లని నేల మీద తెల్లని అక్షరం కనుక కాంతి హెచ్చితే కన్ను పట్టుకొనేది. తెల్లని నేల మీద నల్లని అక్షరాలు వ్రాసే కాలం వస్తుందని, అప్పుడు హెచ్చిన కాంతి అక్షరాన్ని వెలతెల పోగొడుతుందని ఆ ప్రమాణకర్తలు ఊహించి ఉండరు.

ఇతర సంస్థల యంత్రాలలో ఇంకొక వింత జరిగేది. టెలివీడియో వంటి చవుక యంత్రాలలో, గుణం మారినదని గుర్తు పెట్టుకోవడానికి తెర మీదనే ఒక గడి ఖర్చయ్యేది. లావు మొదలైనచోట ఒక ఖాళీ, ముగిసినచోట ఒక ఖాళీ. చక్కగా పేర్చిన పట్టికలో ఒక మాటను ఎత్తి చూపితే వరుస అంతా పక్కకు జరిగేది. ప్రోగ్రాములు వ్రాసేవారు దీనిని వేళాకోళంగా మేజిక్ కుకీ అన్నారు. ఇన్ని రకాల యంత్రాలతో వేగలేక, బర్క్లీలో బిల్ జాయ్ అనే విద్యార్థి 1978 ప్రాంతంలో టెర్మ్‌క్యాప్ అనే జాబితా తయారు చేసినాడు. ఏ యంత్రానికి ఏ శక్తులున్నవి, ఏ సంకేతం పంపితే లావు వస్తుంది, గుణం మార్చితే ఎన్ని గడులు నష్టం, ఇవన్నీ అందులో రెండేసి అక్షరాల పేర్లతో వ్రాసి ఉంటాయి. తరువాత మార్క్ హార్టన్ దానినే మెరుగుపరచి టెర్మ్‌ఇన్ఫో అన్నాడు. "నేను ఫలానా యంత్రాన్ని" అని తెర ముందుగా తన పేరు చెప్పుకోవలెను. ప్రోగ్రాము జాబితా చూసి తగిన భాషలో మాట్లాడుతుంది. ఎమ్యులేటర్ తన పేరు తప్పుగా చెప్పుకుంటే ఇక ఊనికలన్నీ గల్లంతే. పాత ఎమ్యులేటర్లలో లావు అక్షరం రాలేదని వాపోయేవారు చాల సందర్భాలలో అచ్చునూ రంగునూ వెదుకుతారు. మొదట విచారించవలసినది ఈ పేరు.

1981లో ఐబీఎం వారి పీసీ వచ్చినది. దాని ఒంటిరంగు తెరలో ఒక్కొక్క అక్షరానికి తోడుగా ఒక గుణసంఖ్య ఉండేది. ఆ సంఖ్య 1 అయితే అక్షరం క్రింద గీత. అదే పీసీకి రంగుల తెర తగిలిస్తే అదే సంఖ్యకు అర్థం నీలం రంగు. రంగు తెరకు గీత గీయడం అసలు తెలియదు. ఈ విధంగా ఒకరి తెర మీది గీత మరొకరి తెర మీద నీలమైనది. లావుకు వేరే ఏర్పాటు లేక, కాంతి హెచ్చించే ఒక బిట్టు పెట్టినారు. ఎనిమిది రంగులు ఆ బిట్టుతో పదహారైనవి. వాటిలో మసక పసుపు రావలసినచోట ఐబీఎం వారి రంగు తెర ప్రత్యేకంగా ఆకుపచ్చ పాలు తగ్గించి గోధుమ రంగు చూపేది. కనుక ఆ తెర మీద "లావు" గోధుమ రంగు అంటే పసుపు! 1983లో వచ్చిన ఎమ్‌ఎస్ డాస్ రెండవ కూర్పులో ఆన్సీ డాట్ సిస్ అనే తోడు ప్రోగ్రామును అమర్చుకుంటే పైన చెప్పిన ఎస్కేప్ భాష పీసీకి అర్థమయ్యేది. అమర్చుకోకపోతే తెర నిండా బ్రాకెట్లు, అంకెలు, ఎమ్ అక్షరాలు చిందరవందరగా పడేవి.

లినక్స్ వ్యవస్థ ఈ పీసీ మీదనే పెరిగినది కనుక ఆ వారసత్వం దానికీ వచ్చినది. లినక్స్ బొమ్మలు లేని తెర మీద, రంగు యంత్రంలో, క్రింది గీత అడిగితే గీతకు బదులు అక్షరం వేరే రంగులో కనిపిస్తుంది. ఆ రంగు నచ్చకపోతే సెట్‌టెర్మ్ అనే ఆజ్ఞతో మార్చుకోవచ్చును. మరొక చిన్న సంగతి. ఇరువది ఒకటవ అంకెకు ప్రమాణం చెప్పిన అర్థం జంట గీత. లినక్స్ తెర మాత్రం చాల కాలం దానిని "లావు ఆపు" అని అర్థం చేసుకున్నది. 2018లో వచ్చిన 4.17 కూర్పులో గాని ఆ అపార్థం దిద్దుబాటు కాలేదు. ఇటువంటి దిద్దుబాట్లను చూసి నవ్వుకోవడానికి లేదు. పాత అర్థాన్ని నమ్ముకుని ప్రోగ్రాములు వ్రాసుకున్నవారు ఉంటారు. దిద్దినప్పుడు వారి పాఠం అంతా గీతలమయమవుతుంది.

ఎమ్యులేటర్లలో కులపెద్ద ఎక్స్‌టెర్మ్. 1984లో మార్క్ వాండెవూర్డే అనే యువకుడు దీనిని వ్రాసినాడు. 1996 నుండి థామస్ డిక్కీ దీనిని సంరక్షిస్తున్నాడు. ఇది వేసే వేషం వీటీ102ది. అంటే వీటీ100కు అన్ని హంగులూ కలిపిన యంత్రం. అయితే తొలి రోజులలో నటన అసంపూర్తి. మిణుకు అడిగితే మిణుకులేక లావుగా చూపేది. రంగుల తెరలు వచ్చిన తరువాత దీనికి కొన్ని అమరికలు చేరినవి. వాటిని ఎక్స్ రిసోర్సెస్ అనే ఫైలులో వరుసకొకటిగా వ్రాయవలెను. కలర్‌బీడీమోడ్ అనేదాన్ని నిజం అని వ్రాస్తే లావు అక్షరం అచ్చుకు బదులు మనం కోరిన రంగు ధరిస్తుంది. కలర్‌యూఎల్‌మోడ్ క్రింది గీతకు అదే పని చేస్తుంది. కన్ను మందగించినవారికి, చిన్న అచ్చులో లావూ సన్నమూ తేడా తెలియనివారికి ఇది గొప్ప ఉపకారం. ఫైలులో వ్రాసినంత మాత్రాన చాలదు. ఆ ఫైలును ఎక్స్ఆర్‌డీబీ అనే ఆజ్ఞతో చదివించవలెను. ఇది మరచి గంటల తరబడి తల పట్టుకుని కూర్చున్నవారిలో ఈ ప్రసంగకర్త ఒకడు.

అదే ఎక్స్‌టెర్మ్‌లో బోల్డ్‌మోడ్ అని ఒక అమరిక కలదు. మన అచ్చుకు లావు రూపం లేనప్పుడు ఏమి చేయవలెనో అది చెపుతుంది. చేసే ఉపాయం ఏమనుకున్నారు? అక్షరాన్ని ఒకసారి గీసి, ఒక్క చుక్క కుడికి జరిగి, దాని మీదనే మరల గీస్తుంది. టైపిస్టు బండిని వెనుకకు జరిపి రెండవసారి కొట్టిన దెబ్బ ఇదే.

1999లో ఇంగ్లండులో సైమన్ టాథమ్ విడుదల చేసిన పుట్టీ అనే ఎమ్యులేటర్‌ను మన దేశంలో కూడ విద్యార్థులు, ఉద్యోగులు విస్తారంగా వాడినారు. విండోస్ కంప్యూటరు నుండి దూరాన ఉన్న యూనిక్స్ యంత్రంతో మాట్లాడడానికి అది సాధనం. అది ప్రశ్నను ముసుగు లేకుండా అడుగుతుంది: లావు అక్షరాన్ని అచ్చు మార్చి చూపవలెనా, రంగు మార్చి చూపవలెనా, రెండూనా? ప్రమాణకర్తలు "లేక" అని వదిలిన నిర్ణయాన్ని ఇక్కడ వాడుకరి చేతిలో పెట్టినారు. నల్లని నేల ఇష్టపడేవారు రంగును ఎన్నుకోవచ్చును. తెల్లని నేల పెట్టుకొనేవారు అచ్చునే ఎన్నుకోవడం మంచిదని నా అభిప్రాయం. తెలుపు మీద మెరిసే పసుపును చదవడం కంటె చీకటిలో చదవడం మేలు.

తెర సరిగా ఉన్నా మధ్యవర్తి చెడగొట్టిన సందర్భాలు కూడ ఉన్నవి. కరదీపిక పుటలను ఒక్కొక్క తెరగా చూపే లెస్ అనే ప్రోగ్రామును 1980 దశకంలో మార్క్ నూడెల్‌మన్ వ్రాసినాడు. దాని తెలివి ఏమంటే, అక్షరం, బ్యాక్‌స్పేస్, అదే అక్షరం అనే పాత కాగితపు వరుసను చూడగానే అది లావు అని గుర్తుపట్టి, జాబితా చూసి, ఎదుటి తెర భాషలోకి మార్చి పంపుతుంది. ఏ గుణానికి ఏ సంకేతం పంపవలెనో మనమే చెప్పడానికి కూడ అందులో వీలున్నది. చాలమంది తమ కరదీపికలకు రంగులు తెచ్చుకొనేది ఆ మార్గంలోనే. 2002లో ఎన్‌రాఫ్ వారసుడైన గ్రాఫ్ తన 1.18 కూర్పులో బ్యాక్‌స్పేస్ పద్ధతిని మాని, సూటిగా ఎస్కేప్ భాషనే పంపడం ప్రారంభించినది. ఉద్దేశం మంచిదే. లెస్ మాత్రం ఎస్కేప్ సంకేతాలను, ప్రత్యేకంగా అనుమతించితే తప్ప, తెరకు పోనివ్వదు. వాటిని అక్షరాలుగా విప్పి చూపుతుంది. నిన్నటిదాక బాగున్న పుటలు మరునాడు ఎస్కేప్ ముక్కలతో నిండిపోయినవి. పంపిణీదారులు కొందరు కొత్త పద్ధతిని ఆపి పాతదాన్నే నిలిపినారు. లెస్‌కు ఆర్ అనే పెద్దబడి అక్షరపు అనుమతి ఇస్తే కూడ పని జరుగుతుంది. ముప్పది ఏండ్ల నాటి టైపు యంత్రపు అలవాటు కొత్త ప్రమాణం కంటె గట్టిగా నిలిచిన ఘట్టం ఇది.

ఇటువంటిదే మరొకటి. ఒకే తెరలో పలు పనులు నడపడానికి స్క్రీన్ అనే ప్రోగ్రాము 1987లో జర్మనీలో పుట్టినది. అది ఎత్తి చూపవలసిన మాటలకు మూడవ అంకెను వాడుకున్నది. ప్రమాణంలో మూడు అంటే వాలు అక్షరాలు. ఆనాటి తెరలకు వాలు అక్షరాలు లేవు కనుక ఎవరికీ బాధ లేకపోయినది. తరువాతి ఎమ్యులేటర్లు వాలు అక్షరాలు నేర్చుకున్నవి. వెదికిన మాట వెలుగు పట్టీలో మెరవవలసినది పోయి, ఒక పక్కకు ఒరిగి నిలబడడం చూసి జనం విస్తుపోయినారు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ అనే సంకేతమాలను, 13194వ సంఖ్యతో, ప్రమాణంగా ప్రకటించినది. దేవనాగరి, బెంగాలీ, తమిళం, తెలుగు మొదలైన లిపులన్నిటికీ ఒకే అక్షరపట్టిక. "క" అనే ధ్వనికి అన్ని లిపులలోను ఒకే సంఖ్య. అది ఏ లిపిలో కనిపించవలెనో చెప్పడానికి 239 అనే సంకేతం ఒకటి పెట్టినారు. దాని పేరు అట్రిబ్యూట్, అంటే గుణం. గుణసంకేతం తరువాత ఇంగ్లీషు బి అక్షరం వస్తే దేవనాగరి, డి వస్తే తమిళం, ఈ వస్తే తెలుగు. అదే గుణసంకేతం తరువాత సున్న వస్తే లావు, ఒకటి వస్తే వాలు, రెండు వస్తే క్రింది గీత! తెలుగుగా ఉండడమూ లావుగా ఉండడమూ ఆ ప్రమాణం దృష్టిలో ఒకే జాతి సంగతులు. అక్షరం ఒకటే; తెలుగు దాని వేషం, లావు దాని వేషం. ఐఐటీ కాన్పూరులో మొదలై, పూనాలోని సీడాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డును పీసీలో అమర్చితే డీబేస్ వంటి వట్టి అక్షరాల ప్రోగ్రాములలో కూడ తెలుగు కనిపించేది. దారిలో ఒక మధ్యవర్తి ఆ గుణసంకేతాన్ని అర్థంకాక మింగివేస్తే వార్తలు చదివేవాడికి ఊనిక పోయినట్లు కాదు. తెలుగే పోయి, మరొక లిపి ప్రత్యక్షమవుతుంది.

యూనికోడ్ 1991లో తెలుగుకు సొంత స్థానం ఇచ్చినది. ఆ ప్రమాదం తొలగినది. గడుల చిక్కు మాత్రం తొలగలేదు. టెర్మినల్ తెర ఇప్పటికీ టెలిటైప్ కాగితంలాగ సమానమైన గడులుగా విభజించి ఉన్నది. "స్త్రీ" అనేది మన కంటికి ఒక అక్షరం. సాధారణ గడుల లెక్కలో అందులోని మూడు హల్లులకు మూడు గడులు. "కి" ఒక గడిలో ఇముడుతుంది. "కు" అంటే కొమ్ముకు మరొక గడి కావలెనని లెక్క చెపుతుంది. ఎక్స్‌టెర్మ్, పుట్టీ ఒత్తులను కూర్చలేవు. ఎమ్ఎల్‌టెర్మ్ వంటి ఏ కొన్నో భారతీయ లిపుల పొందిక తెలిసి వ్రాయబడినవి.

ఇక లావు చేయడం. ఒక చుక్క కుడికి జరిపి మరల గీసే ఉపాయం ఇంగ్లీషు అక్షరానికి ఏమీ హాని చేయదు. మన లిపిలో "ప"కు "వ"కు తేడా తలకట్టు వద్ద ఉన్న చిన్న సందు. చిన్న అచ్చులో ఆ సందు ఒకటి రెండు చుక్కల వెడల్పు కంటె ఉండదు. రెండవసారి గీసినప్పుడు అది పూడుకొనిపోయే ప్రమాదం ఉన్నది. మందుల జాబితాలో ఒకరు హెచ్చరికగా "పాడు" అనే మాటను లావు చేసినారనుకోండి. అవతలి తెర ముందు కూర్చున్నవారు దానిని "వాడు" అని చదువుకోవచ్చును.